మా తోడికోడలి సింకు

పగ పట్టడం పాముకే తెలుసంటారు. అదంతా ఉత్తమాట. పాము పాపం తొక్కితే కరుస్తుంది, లేకపోతే దాని దారిన అది పోతుంది. ఏళ్ళ తరబడి ఒకే పెరట్లో ఎదురెదురుగా తిరుగుతూ, పండక్కి పప్పు రుబ్బి పెడుతూ, జ్వరం వస్తే చారు కాచి ఇస్తూ, లోపల మాత్రం ఒక్క మాటని చెక్కు చెదరకుండా దాచుకోవడం పాము వల్ల ఏమవుతుంది? నా వల్ల అయింది. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆ మాట అన్నది మా తోడికోడలు, అంటే మా బావగారి భార్య. మాది మలికిపురం దగ్గర ఊరు. బావగారిది కొబ్బరికాయల వ్యాపారం. మా ఆయన గల్ఫులో పని చేసేవారు. నేను కాపురానికి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. పెత్తనం మొత్తం ఆవిడది. బియ్యం డబ్బా మీద మూత ఆవిడ తీస్తేనే తీసినట్టు.

తొంభైల మొదట్లో బావగారు కాయల లారీ వెంట బొంబాయి వెళ్ళి, వస్తూ వస్తూ ఒక సింకు తెచ్చారు. వంటింటిది కాదు, చేతులు కడుక్కునేది. పాలలాంటి తెలుపు. భోజనాల సావిట్లో గోడకి దాన్ని బిగించి, చుట్టూ గులాబి రంగు పలకలు అతికించి, డాబా మీద నీళ్ళ ట్యాంకు కట్టించారు. మా వీధిలో ఇంటి లోపల సింకు పెట్టుకున్నది మేమే మొదలు. అంతవరకూ ఎంతటివాడైనా భోంచేసి లేస్తే పెరట్లోకి నడిచి, బోరింగు దగ్గర చెయ్యి కడుక్కోవలసిందే. బోరింగంటే చేత్తో కొట్టే పంపు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు సింకు చూడ్డానికి వచ్చేవారు. మా తోడికోడలు కుళాయి తిప్పి చూపించేది, వాళ్ళు తిప్పబోతే మాత్రం “ఆగండాగండి, గట్టిగా తిప్పకూడదండీ” అనేది. అబ్బో, ఆ మురిపెం చూసి తీరాలి. పిల్లాడికి స్నానం చేయించినట్టు రోజూ దాన్ని తుడుచుకునేది.

ఆ ఏడే మా అమ్మాయికి అన్నప్రాసన. మా నాన్న వచ్చారు.

మా నాన్నది కొత్తపేట వైపు ఊరు. ఉన్న కాస్త భూమిలో అరటి వేసేవారు. గెలలు ఆయనే నరుక్కునేవారు, ఆయనే మోసుకునేవారు. అరటి కర సంగతి మా వైపు అందరికీ తెలుసు. గుడ్డకి అంటితే గుడ్డ పోవలసిందే తప్ప కర పోదు. మా నాన్న అరచేతులు, గోళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. అది మురికి కాదు, సబ్బుకీ చింతపండుకీ లొంగని రంగు. ఆ రోజు మనవరాలి కోసం బస్సు టాపు మీద చక్రకేళీ గెల వేయించుకుని, ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుని వచ్చారు. పిల్లకి మొదటి ముద్ద తల్లి తరఫు తాతగారే పెట్టాలన్నారు పెద్దలు. పెట్టారు. పిల్ల ఆయన వేలు వదలకుండా చప్పరించింది. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి.

తరవాత సావిట్లో మగవాళ్ళ బంతి. మా నాన్నని ముందు వరసలో కూర్చోబెట్టారు. భోజనాలయ్యాక అందరూ లేచి, సింకు దగ్గర ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. మా తోడికోడలు పక్కన నిలబడి ఒక్కొక్కరికీ తువ్వాలు అందిస్తోంది. బావగారి స్నేహితులు కడుక్కున్నారు, పురోహితుడుగారు కడుక్కున్నారు, లారీల ఆసామీ కడుక్కున్నాడు. మా నాన్న వంతు వచ్చింది. కుళాయి మీద చెయ్యి వేశారు.

“బాబాయిగారూ,” అందావిడ, ఎంతో మర్యాదగా. “మీరు పెరట్లో బోరింగు దగ్గర కడుక్కోండి. మీ చేతుల కరకి సింకు మరకలు పడిపోతుందండీ.”

సావిడంతా విన్నది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

“ఆయ్, అలాగేనమ్మా,” అన్నారు మా నాన్న.

ఎంగిలి చెయ్యి పైకి పట్టుకుని, విస్తళ్ళ మధ్య నుంచి, వెనక నిలబడ్డ వాళ్ళని తప్పుకోమంటూ పెరట్లోకి వెళ్ళారు. నేను వంటింటి గుమ్మంలో పాయసం గిన్నెతో నిలబడి ఆ మాట విన్నాను. పెరటి వైపు కిటికీలోంచి అంతా కనిపించింది. బోరింగు దగ్గర చెయ్యి కడగాలంటే ఇద్దరుండాలి, ఒకరు కొట్టడానికి, ఒకరు కడుక్కోవడానికి. అంతమంది జనంలో ఆయనకి పంపు కొట్టే దిక్కు లేకపోయింది. ఎడం చేత్తో నాలుగు దెబ్బలు కొట్టి, గబగబా వంగి కుడిచెయ్యి పెట్టేవారు. అప్పటికే ధార తగ్గిపోయేది. మళ్ళీ లేచి కొట్టేవారు. మనవరాలికి అన్నప్రాసన చేసిన తాతగారు! గిన్నె దించి పరిగెత్తబోతుంటే రెండో బంతి కూర్చుంది, “పాయసం, పాయసం” అని సావిట్లోంచి కేకలు. నేను వెళ్ళేసరికి ఆయన పైపంచెతో చెయ్యి తుడుచుకుంటున్నారు. “నీళ్ళు బావున్నాయమ్మా మీ బోరింగులో,” అన్నారు. అంతే అన్నారు.

ఆ తరవాత మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా అరుగు దాటి లోపలికి రాలేదు. “భోంచేసే వచ్చేనమ్మా” అనేవారు. కొత్తపేట నుంచి రాజోలు మీదుగా మా ఊరు వచ్చేసరికి ఏ వేళవుతుందో నాకు తెలియదా? గెల అరుగు మీద దించి, పిల్లని ముద్దాడి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవారు. కొన్నేళ్ళకి ఆయన పోయారు. చివరివరకూ ఆ ఇంట్లో మళ్ళీ మెతుకు ముట్టలేదు.

మా ఆయన సెలవు మీద వచ్చినప్పుడు చెప్పాను. “వదిన నోరంతేనే, మనసులో ఏమీ ఉండదు,” అన్నారు. మా అత్తవారి వైపు ఎవరితో చెప్పినా అదే పాట. ఆవిడ మాట కరుకు, మనసు వెన్న. ఏమో, నిజమేనేమో అని నేనూ కొన్నాళ్ళు అనుకోబోయాను. కొందరికి నోటికీ బుర్రకీ మధ్య తలుపుండదు, ఏమంటున్నారో వాళ్ళకే తెలియదు. అయితే తెలియజెప్పాలి కదా! అప్పుడే తీర్మానించుకున్నాను. నాకు ఆవిడ క్షమాపణ అక్కర్లేదు, కన్నీళ్ళు అక్కర్లేదు. “పెరట్లో బోరింగు దగ్గర కడుక్కోండి” అనే ఆ మాట, అదే మాట, ఆవిడ తన నోటితోనే, తనకి ఈ లోకంలో అందరికంటే కావలసిన మనిషితో, పదిమందిలో అనాలి. అంటుంటే నేను అక్కడ నిలబడి వినాలి. ఇంతకన్నా ఏమీ కోరలేదు దేవుణ్ణి.

దేవుడు తొందరపడడు. ముందు సింకు సంగతి చూశాడు.

మా వైపు భూమిలో నీళ్ళు తెల్లగా వస్తాయి, కాసేపు నిలవుంటే ఎర్రబడతాయి. ఇనుము ఎక్కువ. ట్యాంకులో చేరి కుళాయిలోంచి బొట్టు బొట్టుగా కారే ఆ నీళ్ళకి సింకు మధ్యలో ఎర్రటి చార పడింది. మా నాన్న చేతులకి పడుతుందన్న మరక, వాళ్ళ నీళ్ళకే పడింది! మా తోడికోడలు ముందు సబ్బు పెట్టి రుద్దింది. పోలేదు. కొబ్బరి పీచుతో ఇటికపొడి పెట్టి రుద్దింది. కాస్త పోయి, మళ్ళీ వచ్చింది. అప్పుడు రాజోలు నుంచి పాయిఖానాలు కడిగే యాసిడ్ తెప్పించింది. పొయ్యగానే బుసబుసా పొంగి మరక మాయమైంది. ఇంకేం, ఆవిడకి దారి దొరికింది. వారం వారం యాసిడ్ అభిషేకం.

యాసిడ్ మరకతో పాటు మెరుపునీ తినేస్తుంది. గాజులా జారే పై పొర పోయి, లోపలి గరుకు బయటపడింది. గరుకు మీద మరక ఇంకా తొందరగా పడుతుంది, పడితే ఇంకాస్త యాసిడ్. ఏళ్ళు గడిచేసరికి దాని రంగు ఎవరో రోజూ తాంబూలం వేసుకుని అందులోనే ఉమ్మినట్టు తయారైంది. వచ్చినవాళ్ళు దాంట్లో చెయ్యి పెట్టడానికి సందేహించేవారు. నేను మాత్రం పని ఉన్నా లేకపోయినా దాని పక్కనుంచి వెళ్ళి ఒకసారి చూసుకుని వచ్చేదాన్ని. కడుపు చల్లబడేది.

ఈలోగా అన్నదమ్ములు వాటాలు వేసుకున్నారు. పెరడు ఉమ్మడి, ఇల్లు రెండు వాటాలు. సావిడీ సింకూ వాళ్ళ వైపు పోయాయి. మా వైపు వంటింట్లోకి రాజోల్లో ఎవరో పాత ఇల్లు పడగొడుతుంటే పింగాణీ సింకు ఒకటి కొనుక్కొచ్చుకున్నాం. అదీ అరిగిపోయిందే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆయన సెలవుకి వస్తూ రెండు డబ్బాలు తెచ్చారు. అక్కడ ఆయన పని అదే, పెద్ద పెద్ద భవనాల్లో అరిగిపోయిన స్నానాల తొట్లకీ సింకులకీ ఎపాక్సీ పూత వేసి కొత్తవి చెయ్యడం. ఒక డబ్బాలో తేనెలా చిక్కటి తెల్లటి మందు, రెండో దాంట్లో దాన్ని గట్టిపరిచే మందు. విడివిడిగా ఉన్నంతకాలం రెండూ అలాగే పడుంటాయి. కలిపితే మాత్రం గిన్నె వేడెక్కుతుంది, కాసేపట్లో రాయవుతుంది.

ఆయన వేస్తుంటే నేను పక్కనుండి అన్నీ నేర్చుకున్నాను. పని కష్టం కాదు, ఓపిక కావాలి. ముందు జిడ్డు మొత్తం వదలగొట్టాలి, లేకపోతే పూత పొరలా ఊడొస్తుంది. గరుకు కాగితంతో తడిపి రుద్దాలి. గుంటలుంటే పూడ్చాలి. బాగా ఆరబెట్టి, థిన్నరు గుడ్డతో తుడవాలి. మందులు కలిపేటప్పుడు బుడగలు రాకుండా నెమ్మదిగా తిప్పాలి. పలచగా ఒక పూత, అది పట్టాక ఇంకో పూత. ఆ తరవాతే అసలు సంగతి. చేత్తో ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది కానీ లోపల పచ్చిగానే ఉంటుంది. వారం దాకా నీటిబొట్టు తగలకూడదు, సబ్బు తగలకూడదు, నూనె అసలే తగలకూడదు. తగిలిందా, ఆ మచ్చ జన్మకి పోదు. మా ఆయన నా చేత గిన్నెలు కూడా బోరింగు దగ్గరే తోమించారు అన్నాళ్ళూ. వారం తరవాత చూస్తే సింకు కొత్త పెళ్ళికూతురు. మిగిలిన మందు మూతలు బిగించి, అటక మీద పెట్టి, ఆయన మళ్ళీ విమానం ఎక్కేశారు.

పుట్టింటి నుంచి తిరిగి రాగానే మా తోడికోడలు వచ్చి చూసింది. చూపుడువేలితో రాసి చూసింది. మొహం మాడ్చుకుని, “బానే ఉందే,” అని వెళ్ళిపోయింది. నాకు తెలుసు, వస్తుందని. ఓర్చినమ్మకి తేటనీరు అన్నారు కదా, ఓర్చుకున్నాను.

ఆషాఢంలో వచ్చింది. వాళ్ళ అమ్మాయికి అమలాపురం సంబంధం ఖాయమైంది. పిల్లాడి తండ్రి పేరున్న మనిషి, ఊళ్ళో మేడలున్న కుటుంబం. శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకోవడానికి వాళ్ళు మా ఊరు వచ్చి, భోంచేసి వెళ్తారు.

“ఆ సింకులో వాళ్ళ చేత ఎలా కడిగిస్తానే, నా తల కొట్టేసినట్టుంటుంది,” అంది. “తీసేసి కొత్తది పెట్టిద్దామంటే పలకలు పగులుతాయంటున్నారు. ఆ రంగువి ఇప్పుడు ఎక్కడా దొరకవు. నీ మందు కాస్త పూసి పెట్టకూడదూ?”

కాళ్ళు పట్టుకోవడం ఒకటే తక్కువ. నా మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. “దానికేం భాగ్యం అక్కా, తప్పకుండా వేస్తాను,” అన్నాను.

ఆ రోజే మొదలుపెడితే ఆవిడ సింకు శ్రావణానికి నిక్షేపంగా ఆరిపోయి ఉండేది. నేను మొదలుపెట్టలేదు. ముసురు పట్టింది కదా, తడిగాలికి పూత మీద జిడ్డు తేలుతుంది, కాస్త తెరిపి ఇవ్వనీ అన్నాను. అది నిజమే, అబద్ధం కాదు. మా ఆయన ఫోన్ చేసినప్పుడు అడిగి మరీ రూఢి చేసుకున్నాను.

“వారమే కదూ ఆరాల్సింది?”

“ముసుర్లో అయితే ఇంకా ఎక్కువే పడుతుంది. ఏం, ఎందుకు?”

“ఊరికే,” అన్నాను.

తెరిపి ఇచ్చింది. గరుకు కాగితం దొరకలేదన్నాను. దొరికింది. నడుం పట్టేసిందన్నాను. ఆవిడే కొబ్బరినూనె కాచి తెచ్చి నా నడుముకి రాసింది. రాయించుకున్నాను. అమలాపురం వాళ్ళు వచ్చేది ఇంకా నాలుగైదు రోజులుందనగా కొంగు బిగించి పని మొదలుపెట్టాను. మొదలుపెట్టాక మాత్రం ఎక్కడా లోపం చెయ్యలేదు. ఆ యాసిడ్ గరుకుని నా చేతులు పుళ్ళు పడేలా రుద్దాను. దోమలు, దీపం పురుగులు వచ్చి తడి పూత మీద వాలకుండా దోమతెర కట్టాను. కుళాయి మూతికి ప్లాస్టిక్ సంచి కట్టాను. రెండో పూత వేసి లేచేసరికి సింకు మొహం వెలిగిపోతోంది. మా తోడికోడలు చేతులు జోడించినంత పని చేసింది.

“నీ చేతుల్లో ఏముందే తల్లీ! ఇంక వాళ్ళు రావచ్చు.”

“రావచ్చక్కా. కానీ వారం దాకా దీంట్లో చుక్క నీళ్ళు పడకూడదు.”

కుళాయి మీదికి పోతున్న చెయ్యి వెనక్కి తీసుకుందావిడ. “ఎల్లుండి కదే వాళ్ళొచ్చేది!”

“అయితే ఏముందక్కా,” అన్నాను, డబ్బా మూత బిగిస్తూ. “పెరట్లో బోరింగు ఉందిగా. అక్కడ కడుక్కోమను.”

ఆవిడ నా వంక చూసింది. ఆ చూపులో ఏముందో అప్పుడు నాకు అర్థం కాలేదు. మర్చిపోయిందనే అనుకున్నాను. ఇలాంటివి అన్నవాళ్ళు మర్చిపోతారు, పడ్డవాళ్ళకే గుర్తుంటాయి.

చెంబుతో వీధి అరుగు మీద పోయిద్దామా అంది కాసేపు. మళ్ళీ తనే, అబ్బే, పల్లెటూరి వాళ్ళనుకుంటారు, సంబంధం మాట్లాడుకున్నప్పుడు ఇంట్లోనే సింకుందని చెప్పుకున్నాను కూడాను అంది. ఆఖరికి పెరట్లో బోరింగు చుట్టూ పాచి గీకించింది. బురద మీద కంకర పోయించింది. కొత్త సబ్బు, నాలుగు కొత్త తువ్వాళ్ళు గట్టు మీద పెట్టించింది. పంపు కొట్టడానికి పనిమనిషిని ప్రత్యేకంగా నిలబెట్టింది. మా నాన్నకి లేని దిక్కు వాళ్ళకి ముందే సిద్ధమైంది. చూస్తూ పళ్ళు కొరుక్కున్నాను. అయినా పర్లేదు, మాట మాటే. ఎల్లుండి ఆ నోరు తెరవాల్సిందే అనుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. పూర్ణాలు, పులిహోర, పనసపొట్టు కూర, ఆవకాయ, ముద్దపప్పు, ఏదీ తక్కువ లేదు. తాంబూలాలు పుచ్చుకున్నారు, భోజనాలకి కూర్చున్నారు. సింకు మీద ఆవిడ పట్టు జాకెట్టు గుడ్డ ఒకటి కప్పింది. నేను పెరుగు గిన్నె పట్టుకుని సావిట్లోనే తచ్చాడుతున్నాను. కడుపులో అన్నం లేదు, ఆకలీ లేదు. పిల్లాడి తండ్రిగారు నిదానస్తుడు. అందరూ ఆయన కోసం విస్తళ్ళ ముందే ఆగి కూర్చుంటే ఆఖరున ముగించి, బ్రేవుమని తేన్చి, ఎంగిలి చెయ్యి పట్టుకుని లేచారు.

“చెయ్యి ఎక్కడ కడుక్కోవాలండీ చెల్లెమ్మగారూ?”

సావిట్లో అందరూ ఉన్నారు. అప్పుడెంతమంది ఉన్నారో ఇప్పుడూ అంతమంది. మా తోడికోడలు పెరటి గుమ్మం వైపు ఒక అడుగు వేసింది. నోరు తెరిచింది. నేను గిన్నె గట్టిగా పట్టుకున్నాను. అను. అను తల్లీ. పెరట్లో బోరింగు దగ్గర కడుక్కోండి అను.

మూసింది.

గిర్రున వెనక్కి తిరిగి, సింకు మీద జాకెట్టు గుడ్డ లాగేసి, కుళాయికి కట్టిన సంచి పీకేసి, నీళ్ళు తిప్పింది. “ఇక్కడేనండీ అన్నయ్యగారూ. మీరు లోపలే కడుక్కోవాలి.”

ఆయన ఎడం చెయ్యి సింకు అంచు మీద ఆనించి, కుడిచెయ్యి కుళాయి కింద పెట్టారు. పులిహోర పసుపు, నెయ్యి, ఆవకాయ నూనె, అన్నీ ఆ పచ్చి పూత మీదికి దిగాయి. సబ్బు పెట్టి మరీ రుద్దుకున్నారు. “కాస్త జిగురుగా ఉందండీ ఇక్కడ,” అన్నారు, అంచు మీంచి చెయ్యి తీస్తూ. “కొత్త సబ్బండీ,” అందావిడ నవ్వుతూ, తువ్వాలు అందిస్తూ. ఆయన వెనక ఆయన తమ్ముడు, తరవాత బావమరిది, తరవాత ఆడవాళ్ళు, ఒక్కొక్కరూ. ఆవిడ నవ్వు చెరగలేదు. తన ప్రాణంలా చూసుకున్న సింకు తన కళ్ళ ముందే తగలడిపోతుంటే నవ్వుతూ నిలబడింది. పెరట్లో పనిమనిషి పంపు పట్టుకుని అలాగే ఎదురు చూస్తోంది.

వాళ్ళ కార్లు వెళ్ళిపోయాక ఇద్దరం సింకు దగ్గర నిలబడ్డాం. మధ్యలో పసుపు, చుట్టూ ఎర్రటి నూనె చారలు, సబ్బు నురగ ఆగిన చోటల్లా సున్నం మచ్చలు, అంచు మీద వియ్యంకుడిగారి అరచెయ్యి, అయిదు వేళ్ళూ అచ్చుగుద్దినట్టు. ఆవిడ గుడ్డ పెట్టి తుడిచింది. పూత మీగడలా ముడతపడి గుడ్డకి అంటుకొచ్చింది.

“పోయిందే,” అంది. “మళ్ళీ వేసి పెట్టాలి నువ్వు.”

“ఒక్క మాట అంటే సరిపోయేది కదక్కా. బోరింగు దగ్గర కడుక్కోండి అని. అన్నీ సిద్ధం చేసి ఎందుకనలేదు?”

“వాళ్ళతోనా? చాల్లే సంబడం! అంతటి మనిషిని ఎంగిలి చేత్తో పదిమందిలోంచి పెరట్లోకి పొమ్మంటే ఇంకేమన్నా ఉందా? నూరేళ్ళు గుర్తుపెట్టుకుంటారు.”

“మా నాన్నతో అన్నావు.”

ఎవరి గురించి అంటున్నానో, ఏ రోజు సంగతో అడుగుతుందనుకున్నాను. అడగలేదు. క్షణం కూడా ఆలోచించలేదు. అన్నీ గుర్తున్నాయి ఆవిడకి.

“అన్నాను. అయితే?” అంది. కోపంగా కాదు, నిజంగానే నా బాధేమిటో అర్థంకానట్టు. “బాబాయిగారు మనవాళ్ళు కదే. మనవాళ్ళు ఏమనుకుంటారు?”

నోటి తొందర కాదు, తెలియక కాదు. ఆ మాట ఎంత బరువో ఆవిడకి మొదటినుంచీ తెలుసు. ఎవరి మీద పడెయ్యొచ్చో, ఎవరి మీద పడెయ్యకూడదో చూసుకుని మరీ పడేసింది. మనసు వెన్నట! సింకు పోయినా సరే, ప్రాణం పోయినా సరే, వాళ్ళ మీద మాత్రం పడనివ్వలేదు. ఇన్నేళ్ళ నా పగ చాలలేదని ఆ క్షణంలో తెలిసింది నాకు.

“మేం మీవాళ్ళం కాదండీ,” అన్నాను.

ఆవిడ మొహం చూడాలి. నేను ఆవిడని అండీ అనడం అదే మొదలు. డబ్బాలు తీసుకుని మా వాటాలోకి వచ్చేశాను. మళ్ళీ పూత వెయ్యమని ఆ తరవాత చాలాసార్లు అడిగింది, పెళ్ళి ముందర ఏడ్చింది కూడా. వెయ్యనండీ అన్నాను.